మిద్దె మీదికి స్మోకర్ కొనాలి, ఏది తీసుకోమంటారు? అనంతపురం, బడ్జెట్ 25 వేలు

చీనీతోట, అనంతపురం:

అన్నలూ అక్కలూ, సలహా కావాలి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

పోయినేడాది డల్లాస్‌లో మా అక్కావాళ్ళింటికి పోయినప్పుడు మా బావ పెరట్లో స్మోకర్ పెట్టి, అదే, మాంసాన్ని పొగలోనే నెమ్మదిగా ఉడికించే డబ్బా, పంది భుజం చేశాడు. రాత్రి పదకొండుకి పెట్టింది మరుసటి రోజు మధ్యాహ్నం దాకా దిగలేదు. మధ్యలో అలారం పెట్టుకుని లేవడం, కట్టె వేయడం, మూత మీది థర్మామీటరు ముల్లు చూడటం, మళ్ళీ పడుకోవడం, మా అక్క తిట్టడం. ఇంత తతంగం ఎందుకురా స్వామీ అనుకున్నా. తీరా తీశాక పైన బొగ్గులా నల్లటి పెచ్చు, కోస్తే అంచు పొడుగునా అర సెంటీమీటరు మందాన గులాబీ రంగు చార, ఎముక పట్టుకుని లాగితే ఒట్టి ఎముకే చేతికొచ్చింది. మన వేపుడు రుచి వేరు, పులుసు రుచి వేరు, ఇది ఆ రెండూ కాదు. అప్పట్నుంచి పిచ్చి పట్టింది నాకు.

ఇప్పుడు నా సంగతి. ఇల్లు టౌన్లోనే, మిద్దె మీద ఖాళీ ఉంది. ఇంట్లో ఆరుగురం, పండగలొస్తే పదిహేను మంది. తినేది పొట్టేలు, మేక, కోడి, ఎప్పుడన్నా చేప. రాత్రంతా కాపలా కాయడం నా వల్ల కాదు, పొద్దున పెడితే సాయంత్రానికి తినేట్టు ఉండాలి. ఆన్‌లైన్‌లో చూసి చూసి బుర్ర వేడెక్కింది. బావ దగ్గరున్నట్టు పక్కన నిప్పు పెట్టె తగిలించిన ఆఫ్‌సెట్ ఉంది, 20 వేల చిల్లర. నిలువుగా బుల్లెట్ ఆకారంలో, మధ్యలో నీళ్ళ గిన్నె ఉండేది ఇంకోటి. కరెంటుతో నడిచేవి ఉన్నాయి, బటన్ నొక్కి వదిలేయొచ్చంట. పెల్లెట్లది, అంటే చెక్క పొట్టు గుళికలతో నడిచేదైతే బాగుందిగానీ దాని ధర చూసి ట్యాబ్ మూసేశా. మా ఫ్రెండ్ ఒకడు "పాత డ్రమ్ము కోయించుకోరా, ఇదంతా ఎందుకు" అంటాడు.

మన దగ్గర నిజంగా వాడేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. అమెరికా వీడియోలు చాలా చూశా, వాళ్ళ గాలి వేరు, వాళ్ళ మాంసం వేరు.

*

కొండారెడ్డిబురుజు, కర్నూలు:

తమ్ముడూ, ముందు ఆ ఆఫ్‌సెట్‌ని లిస్టులోంచి కొట్టెయ్. నేను కాల్చుకున్న చెయ్యి కాబట్టి చెప్తున్నా.

నేనూ నీలాగే వీడియోలు చూసి 22 వేలు పెట్టి తెప్పించా. వచ్చినప్పుడు పెట్టె ఎత్తితే ఒక్కడినే ఎత్తేశా, అప్పుడే అనుమానం రావాల్సింది. టెక్సాస్‌లో ఆఫ్‌సెట్లు ఆరు మిల్లీమీటర్ల ఇనుముతో చేస్తారు, నలుగురు పడితే గానీ కదలదు. ఆ మందమే వేడిని పట్టుకుని ఉంటుంది. మనకు ఆ ధరలో వచ్చేది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల రేకు. నిప్పు పెట్టెలో కట్టె వేస్తే పది నిమిషాల్లో 170 డిగ్రీలు, అది సన్నబడితే 90. నీకు కావాల్సింది 110 నుంచి 130 మధ్యలో గంటల తరబడి కదలకుండా ఉండటం. నేను అరగంటకోసారి కట్టె వేస్తూ, మూత సందుల్లోంచి పొగ నా మొహానికే కొడుతుంటే కళ్ళు తుడుచుకుంటూ ఆరు గంటలు కూర్చున్నా. మాంసం ఒక పక్క మాడింది, ఇంకో పక్క పచ్చి. మా ఇంటామె ఏమీ అనలేదు, పోయి కోడిగుడ్లు ఉడకేసింది. తిట్టినా బాగుండేది.

కొనేది ఏదైనా సరే ఒక పరీక్ష చెప్తా. మూత కింద పేపరు ముక్క పెట్టి మూసి లాగు. సులువుగా జారొచ్చిందంటే అక్కడ గాలి దూరుతుంది. చుట్టూ నాలుగైదు చోట్ల చూడు. స్మోకర్ అంటే గాలిని అదుపులో పెట్టే డబ్బా, అంతకుమించి ఏమీ లేదు. గాలి తగ్గిస్తే నిప్పు తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. సందులున్న డబ్బాకి ఎన్ని మరలున్నా వేస్టే.

కరెంటుది అపార్ట్‌మెంట్ వాళ్ళకి బాగుంటుంది. కానీ దాంట్లో చెక్క పొట్టు కాయిల్ మీద కనలడం తప్ప అసలు నిప్పు మండదు. అందుకే నువ్వు చెప్పిన గులాబీ చార సరిగా రాదు. ఆ రంగు నిప్పులోంచి వచ్చే వాయువులు మాంసంలోని ఎర్రటి పదార్థంతో కలిస్తే వచ్చేది. రుచికీ దానికీ సంబంధం లేదనుకో, కానీ నీకు అదే కావాలన్నట్టుంది. పెల్లెట్ దానికి ఫ్యాను, మోటారు, తినే వంటకి పనికొచ్చే పెల్లెట్లు, అన్నీ కావాలి. ఎవడో చెప్పాడని ఫ్యాక్టరీ బాయిలర్లలో వేసే పెల్లెట్లు తెచ్చి పోసేవు, వాటిలో ఏ రంపపు పొట్టు కలిసిందో దేవుడికే తెలియాలి.

నా ఆఫ్‌సెట్ ఇప్పుడు మా అమ్మ గోనెసంచులు దాచుకునే పెట్టె. ఎలుకలు దూరడం లేదంట, ఆ మాత్రం మూత పడుతుంది.

*

నల్లమలనీడ, ఆత్మకూరు:

ఇన్ని వేలు ఎందుకప్పా. మా తాత పొయ్యి మీద దండెం కట్టి ఎండు కండలు వేలాడదీసేవాడు, పొగకి అవే నల్లబడేవి. స్మోకర్ అంట. ఒక మూతున్న గ్రిల్లు కొను, నిప్పులు ఒక పక్కకి తోసి మాంసం ఇంకో పక్క పెట్టు, మూత వెయ్. అయిపోయింది.

*

కొండారెడ్డిబురుజు, కర్నూలు:

@నల్లమలనీడ తాత చేసింది మాంసం నిలవ ఉండటానికన్నా, ఉప్పు పట్టించి ఎండబెట్టి పొగకి పెట్టడం. తమ్ముడు అడిగేది పొగలోనే ఉడకాలని. రెండూ పొగే, పని వేరు. అయినా గ్రిల్లు మాట మాత్రం తప్పు కాదు. కోడి వరకు చాలు. నాలుగైదు గంటలు దాటితేనే మళ్ళీ మళ్ళీ బొగ్గులు నింపే బాధ.

*

పెన్నగట్టు, కడప:

డ్రమ్మే. రెండో మాట లేదు. నాలుగేళ్ళుగా వాడుతున్నా, వివరంగా రాస్తున్నా, ఎవరికన్నా పనికొస్తుంది.

డ్రమ్ము అంటే నామోషీ పడే పనే లేదు. ఇవాళ ప్రపంచమంతా వాడే గుండ్రటి కెటిల్ గ్రిల్లు 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే రేకుల కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, నీళ్ళ మీద తేలే బోయా కోసం చేసిన లోహపు గుండుని రెండుగా కోసి తయారు చేసిందే. వాళ్ళు బోయా కోస్తే మనం డ్రమ్ము కోస్తాం.

200 లీటర్ల డ్రమ్ము తీసుకో. ఎత్తు సుమారు 88 సెంటీమీటర్లు, వెడల్పు 57. ముందు దాంట్లో ఏముండేదో అడుగు. వంటనూనె, పండ్ల గుజ్జు లాంటివైతే తీసుకో. పురుగుమందు, యాసిడ్, పెయింటు డ్రమ్ము ఊరికే ఇచ్చినా వద్దు. ఎంత కడిగినా వద్దు. లోపల రంగు పూత ఉంటే దాంట్లో కట్టెలు వేసి గంటా రెండు గంటలు భగభగ మండించి, పూతంతా కాలిపోయాక గీకి ఇనుము తేలే దాకా రుద్దాలి. ఆ పొగ పీల్చకు, ఊరి బయట ఖాళీ జాగాలో చెయ్. తర్వాత లోపలంతా శనగనూనె పల్చగా పూసి మళ్ళీ మూడు గంటలు సన్న నిప్పు మీద ఉంచితే దోసె పెనం లాగా నల్లగా నున్నగా తయారవుతుంది. తుప్పు పట్టదు.

అడుగునుంచి నాలుగు వేళ్ళు పైన నాలుగు బెజ్జాలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు. మూడింటికి తిప్పుడు రేకులు, ఒకదానికి చిన్న పైపు బిగించి వాల్వు. ఆ ఒక్క వాల్వుతోనే అయిదు డిగ్రీలు అటూ ఇటూ జరపొచ్చు. మూతకి పొగ పోయే బెజ్జాలు పెట్టు, అవి ఎప్పుడూ తెరిచే ఉండాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. వేడి తగ్గించాలని పైన మూస్తారు, పొగ లోపలే కుళ్ళి మాంసం మీద తారులాగా పేరుకుంటుంది. తింటే నాలుక మొద్దుబారుతుంది. తగ్గించాల్సింది కింద, పైన కాదు.

బొగ్గుల బుట్ట అడుగు నుంచి కొంచెం ఎత్తులో, మాంసం పెట్టే జాలీ నిప్పులకి 60 సెంటీమీటర్ల పైన. జాలీ స్టీలుది చేయించు. కోళ్ళ ఫారం జాలీ, జింకు పూసిన రాడ్లు పెట్టే వెల్డింగ్ వాళ్ళుంటారు, చవకని. వేడెక్కితే జింకు పొగ వస్తుంది, అది ఒంటికి మంచిది కాదు. నిలబడి చేయించుకో. నాకు డ్రమ్ము, వెల్డింగ్, జాలీ, చక్రాలు అన్నీ కలిపి నాలుగున్నర వేలు అయింది, అప్పటి ధర. మిగిలిన డబ్బుతో మంచి డిజిటల్ థర్మామీటరు కొను. రెండు తీగలున్నది. ఒకటి మాంసంలోకి, ఒకటి జాలీ దగ్గర. మూతకి బిగించి వచ్చే ముల్లు థర్మామీటరు పై గాలిని చూపిస్తుంది, నీ మాంసం దగ్గర ఇంకో లెక్క ఉంటుంది.

నిప్పు పెట్టే పద్ధతి: బుట్ట నిండా వెలిగించని బొగ్గులు పోసి, విడిగా ఎర్రగా కాలిన పది పన్నెండు నిప్పులు పైన వెయ్. పై నుంచి కిందికి నెమ్మదిగా అంటుకుంటూ పోతుంది. నాలుగు కిలోల కొబ్బరిచిప్ప బొగ్గు బిళ్ళలతో నాకు ఏడెనిమిది గంటలు వస్తుంది, ముట్టుకునే పని లేదు. ఇస్త్రీ బండి బొగ్గులైనా నడుస్తుంది కానీ చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, వేడి ఎగుడుదిగుడు అవుతుంది. రాక్షసి బొగ్గు జోలికి మాత్రం పోవద్దు. కిరసనాయిలు, పెట్రోలు కూడా పోయొద్దు, ఆ వాసన మాంసాన్ని వదలదు. పాత నూనె డబ్బా అడుగున బెజ్జాలు కొట్టి కింద కొబ్బరి పీచు వెలిగిస్తే పావుగంటలో నిప్పులు రెడీ.

ఇంకొకటి. మిద్దె మీద కడప బండలు పరిచి ఉంటే నిప్పుని నేరుగా వాటి మీద పెట్టకు. మొదటి ఏడాది వంటయ్యాక మిగిలిన నిప్పులు బండ మీద కుమ్మరించా, ఆర్పేద్దామని. నీళ్ళు కూడా పోయలేదింకా. టప్పుమని తుపాకీ పేలినట్టు శబ్దం, రూపాయి బిళ్ళంత పెచ్చు ఎగిరి నా పంచె అంచుకు తగిలింది. బండ మధ్యలోకి చీలింది. సున్నపురాయి అంతే, వేడికి పగులుతుంది. కింద రెండు వరసల ఇటుకలు పేర్చి దాని మీద డ్రమ్ము పెట్టు.

*

ప్రొద్దుటూరువంటిల్లు, ప్రొద్దుటూరు:

మగవాళ్ళంతా డబ్బా గురించే రాస్తున్నారు, లోపల పెట్టే మాంసం సంగతి ఎవరూ ఎత్తరు.

తమ్ముడూ, అమెరికాలో పంది భుజానికి, గొడ్డు మాంసానికి లోపల కొవ్వు పోగులు పోగులుగా ఉంటుంది, పన్నెండు గంటలు పెట్టినా ఎండిపోదు. మన పొట్టేలు ఎండలో తిరిగి మేసింది, కొవ్వు తక్కువ. తొడ తీసుకుని పొగకి పెడితే చెప్పు తోలు అవుతుంది, నేను తిన్నా, చెప్తున్నా. ముందు కాలు, భుజం దగ్గరది ఎముకతో సహా ఒకటే ముక్కగా ఇమ్మను. కొట్టేసి ఇస్తాడు అలవాటుగా, కత్తి ఎత్తకముందే చెప్పాలి. అందులో నరాలు, జిగురు ఎక్కువ. అవి నెమ్మదిగా 90 డిగ్రీలు దాటితే కరిగి ముక్కకి పట్టుకుంటాయి. రెండు కిలోల ముక్కకి 120 డిగ్రీల దగ్గర అయిదారు గంటలు పడుతుంది. లోపల 93, 95 వచ్చాక తియ్, అరగంట కప్పి పెట్టి తర్వాత విడదియ్. రెండు కిలోలు పెడితే ఎముక పోను కిలోకి కాస్త అటూ ఇటుగా చేతికొస్తుంది, పదిహేను మందికి లెక్క వేసుకునేటప్పుడు అది చూసుకో.

ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున కారం, ధనియాల పొడి, మిరియాలు, దంచిన వెల్లుల్లి, కొంచెం శనగనూనె. పచ్చి బొప్పాయి తొక్క మాత్రం పూయకు. కబాబుకి అది బాగుంటుంది, ఇన్ని గంటలు ఉడికేదానికి పూస్తే పైపైన పిండిలాగా అయిపోతుంది.

ఒక చోట అందరూ కంగారు పడతారు, ముందే చెప్తున్నా. లోపలి వేడి చకచకా పెరిగి 65, 70 మధ్యలో ఆగిపోతుంది. గంట, ఒక్కోసారి రెండు గంటలు కదలదు. నిప్పు ఆరిపోయిందనుకుని బొగ్గులు కుమ్మరిస్తారు, మాడుతుంది. అక్కడ జరిగేది మట్టికుండలో నీళ్ళు చల్లబడటం లాంటిదే. మాంసం పైన చెమ్మ ఆవిరవుతూ ఉంటే ఆ వేడంతా దానికే సరిపోతుంది. వెయిట్ చేస్తే అదే కదులుతుంది. ఓపిక లేకపోతే అప్పుడు తీసి అరిటాకులో చుట్టి పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి మళ్ళీ పెట్టు, ఆవిరి పోదు, వేడి పెరుగుతుంది. పెచ్చు కొంచెం మెత్తబడుతుంది, అది నీ ఇష్టం.

కోడికి ఇవేవీ వద్దు. ఫారం కోడి అయితే 150 డిగ్రీల పైన, గంటన్నర, రెండు గంటలు, ఎముక పక్కన 74 రావాలి. 110 దగ్గర పెడితే ఉడుకుతుంది కానీ తోలు రబ్బరులాగా సాగుతుంది. నాటుకోడి పొగలో మెత్తబడదు. గంటసేపు పొగ పట్టించి ఆ తర్వాత పులుసులో వేసుకో, సంగటిలోకి అది ఇంకో లోకం.

ఏది కొనాలంటావా, నా దగ్గర ఉన్నది బుల్లెట్టే, 47 సెంటీమీటర్లది. మధ్యలో నీళ్ళ గిన్నె ఉండటం వల్ల వేడి తొందరపడి పెరగదు, మన పల్చటి మాంసానికి చెమ్మ కూడా అందుతుంది. ఆరుగురికి ఇది చాలు, పదిహేను మందికి ఇరుకవుతుంది. అందుకని నీకు పెన్నగట్టు అన్న చెప్పిన డ్రమ్మే నయమేమో, కాకపోతే నిప్పులకీ జాలీకీ మధ్య ఒక స్టీలు బేసిన్‌లో నీళ్ళు పెట్టుకునేలా కొక్కాలు పెట్టించు.

పక్కింటి వాళ్ళ సంగతి కూడా చూసుకో. మా పక్కింటి పెద్దమ్మ శాకాహారి. నేను మొదటిసారి పెట్టిన రోజే ఆవిడ మిద్దె మీద గుమ్మడి వడియాలు ఆరబెట్టింది. గాలి అటే. సాయంత్రం గిన్నె తీసుకుని మా ఇంటికొచ్చి "వాసన చూడమ్మా" అంది. చూశా. మాంసం వాసన గుప్పుమంది. నేను మళ్ళీ రెండు కిలోల గుమ్మడికాయ తెచ్చి, మినప్పప్పు రుబ్బి, మా అత్తతో మడి కట్టించి వడియాలు పెట్టించి ఇచ్చా. ఇప్పుడు పెట్టేముందు ఫోన్ చేసి అడుగుతా, పెద్దమ్మా వడియాలు ఏమన్నా ఉన్నాయా అని.

*

చీనీతోట, అనంతపురం:

అక్కా, ఆ వడియాల కథకి ఇంట్లో అందరం నవ్వాం. పెన్నగట్టు అన్నా, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. డ్రమ్ముకే ఫిక్స్ అయిపోయా.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి గాలి. ఆషాఢంలో మా ఊళ్ళో గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా, రామగిరి కొండ మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మిద్దె మీద దండెం మీది దుప్పట్లు పక్క వీధిలో ఏరుకుంటాం. ఆ గాలికి డ్రమ్ము ఆగుతుందా? రెండోది కట్టె. మా మామ తోటలో బోరు ఎండిపోయి రెండేళ్ళ కింద చీనీ (బత్తాయి) చెట్లు కొట్టేశారు, ఆ దుంగలు కుప్ప పడి ఉన్నాయి. వాడొచ్చా? లేకపోతే ఆన్‌లైన్‌లో హికరీ అనే అమెరికా కట్టె కిలో ఐదారు వందలకి అమ్ముతున్నారు, అదే కొనాలా?

*

కమలాపురంకంప, కమలాపురం:

చీనీ దుంగలు ఇంట్లో పెట్టుకుని హికరీ కొంటావా? నీళ్ళ పక్కన కూర్చుని సోడా తాగినట్టుంది.

నిమ్మ జాతి కట్టె పొగ చాలా మెత్తగా ఉంటుంది, కోడికి, చేపకి, మేకకి అన్నిటికీ సరిపోతుంది. రెండేళ్ళు ఎండిందంటే బ్రహ్మాండం. గొడ్డలితో పిడికిలంత ముక్కలు కొట్టుకో, బెరడు తీసెయ్, తోటలో మందులు కొట్టి ఉంటారు కదా. ఒక వంటకి మూడు నాలుగు ముక్కలు చాలు. బొగ్గు వేడి కోసం, కట్టె వాసన కోసం. డ్రమ్ము నిండా కట్టెలు పేర్చకు. ముక్కల్ని నీళ్ళలో నానబెట్టమని కొందరు చెప్తారు, నీళ్ళు కట్టె లోపలికి పోవు, పైన తడి ఆవిరయ్యే దాకా తెల్లటి పొగ, అంతే. తెల్లగా దట్టంగా వస్తున్నప్పుడు మాంసం పెట్టకు. పొగ పల్చబడి, ఎండకి అడ్డంగా చూస్తే నీలం ఛాయలో ఉందా లేదా అన్నట్టు కనిపించాలి. అప్పుడు పెట్టు.

మామిడి, జామ, సపోటా, దానిమ్మ, అన్నీ వాడా, అన్నీ బాగున్నాయి. వేప వద్దు, చేదు. నీలగిరి వద్దు, నూనె వాసన, తలనొప్పి మాత్రలా ఉంటుంది. ప్యాకింగ్ పెట్టెల చెక్క, ప్లైవుడ్ అస్సలు వద్దు, వాటిలో జిగురు, మందులు ఉంటాయి. బుడ్డల (వేరుశనగ) పొట్టు వాడొచ్చా అని ఒకాయన అడిగాడు నన్ను. గుప్పుమని మండి అయిదు నిమిషాల్లో బూడిద, ఎందుకది. ఎర్రచందనం సంగతి మాత్రం నన్ను అడగొద్దు, పొగ కన్నా ముందు పోలీసులు వస్తారు.

ఇక మన కంపచెట్టు. సర్కారు తుమ్మ అంటారే, అది. టెక్సాస్‌లో మెస్కీట్ అని గొప్పగా చెప్పుకునే కట్టెకి ఇది దాయాది, ఇద్దరిదీ ఒకటే వంశం. 1877లోనే మా కమలాపురంలో నాటించారు దీన్ని, మద్రాసు అటవీ శాఖ వాళ్ళు విత్తనాలు తెప్పించి. ఇప్పుడు చెరువు, వంక, రోడ్డు పక్క ఎక్కడ చూసినా అదే, రైతు తిట్టుకోని రోజు లేదు. నా పేరు కూడా అందుకే ఇలా పెట్టుకున్నా. దీని వేడి ఎక్కువ, వాసన గట్టిది. సీకులు, చేపలు గబగబా కాల్చుకునేదానికి దీన్ని మించింది లేదు. ఆరు గంటల వంటకి మాత్రం ఒక్క చిన్న ముక్క, అదీ మొదటి గంటలో. ఎక్కువైతే మాంసం చేదెక్కుతుంది, అమెరికా వాళ్ళూ మెస్కీట్ గురించి ఇదే అంటారు. దీని బొగ్గు మాత్రం కళ్ళు మూసుకుని వాడు. ఇస్త్రీ వాళ్ళ దగ్గర దొరికేది చాలావరకు ఇదే.

*

పెన్నగట్టు, కడప:

గాలి సంగతి నేను చెప్తా. డ్రమ్ము ఎగిరిపోదులే, బొగ్గులు, నీళ్ళు, మాంసం కలిస్తే పాతిక ముప్ఫై కిలోలు దాటుతుంది. సమస్య అది కాదు. కింది బెజ్జాల్లోకి గాలి కొట్టిందంటే కొలిమికి తిత్తి పట్టినట్టే, 120 ఉండాల్సింది 180కి పోతుంది. వాల్వు ఉన్న వైపు గాలికి వీపు తిప్పి పెట్టు, ఎదురుగా ఒక రేకు అడ్డం నిలబెట్టు, మిగతా మూడూ మూసెయ్. పిట్టగోడ ఎత్తుగా ఉంటే ఆ మూల ఇంకా మంచిది. వాన వచ్చిందనో గాలి ఎక్కువైందనో మెట్ల గదిలోకి మాత్రం లాగొద్దు. బొగ్గు పొగలో కనపడని విషవాయువు ఉంటుంది, తలుపేసిన గదిలో మనిషి నిద్రలోనే పోతాడు. ఆ ఒక్క విషయంలో నేను జోకులు వేయను.

థర్మామీటరు వచ్చాక ఒకసారి మరిగే నీళ్ళలో పెట్టి చూసుకో. 99 చూపిస్తే సరిగ్గా ఉన్నట్టే, అనంతపురం కొంచెం ఎత్తు కాబట్టి నిండు వంద రాదు.

*

చీనీతోట, అనంతపురం:

నెల తర్వాత వస్తున్నా, ఏమీ అనుకోవద్దు. డ్రమ్ము దొరకడానికే పది రోజులు పట్టింది. మొదట చూపించిన వాడు ఏముండేదని అడిగితే "ఏదో ఆయిలు" అన్నాడు, మూత తీసి వాసన చూస్తే కళ్ళలో నీళ్ళొచ్చాయి, దండం పెట్టి వచ్చేశా. చివరికి మామిడి గుజ్జు డ్రమ్ము ఒకటి దొరికింది. వెల్డింగ్ ఆయన మీరు చెప్పినట్టే కోళ్ళ జాలీ తెచ్చి పెట్టాడు, "గట్టిగుంటుంది సార్" అని. నేను ఫోన్‌లో మీ పోస్టు చదివి వినిపించా. "ఎవరు సార్ ఈయన" అన్నాడు. స్టీలు రాడ్లతో చేసిచ్చాడు, ఏడు వందలు ఎక్కువ తీసుకున్నాడు. మొత్తం ఆరు వేల ఎనిమిది వందలు. థర్మామీటరు విడిగా.

ఇవాళ ఆదివారం, మొదటి వంట. పొద్దున ఎనిమిదిన్నరకి రెండు కిలోల ముందు కాలు పెట్టా. కసాయి ఆయన కత్తి ఎత్తేశాడు, చెయ్యి పట్టుకున్నంత పని చేశా. మూడు చీనీ ముక్కలు వేశా. మొదట తెల్లటి పొగ చూసి మా నాన్న "ఇల్లు తగలబెడతావా" అని పైకొచ్చాడు, ఇప్పుడు కుర్చీ వేసుకుని డ్రమ్ము పక్కనే కూర్చున్నాడు, కిందికి రమ్మంటే రావడం లేదు. కింది నుంచి అమ్మ సంగటి ఎప్పుడు కెలకమంటావని నాలుగుసార్లు అడిగింది. జాలీ దగ్గర 122, బాగానే ఉంది. కానీ మాంసంలో 67 దగ్గర ఆగిపోయింది. గంటన్నర అయింది. నాన్న బొగ్గులు వెయ్యరా అంటున్నాడు.

అక్కా, ఇదేనా మీరు చెప్పిన మట్టికుండ సంగతి?

*

ప్రొద్దుటూరువంటిల్లు, ప్రొద్దుటూరు:

అదే. మూత తెరవకు. బొగ్గుల సంచి నాన్నకి అందకుండా పెట్టు.